మోగిన మనిషి

ఫిబ్రవరి 9

బాబాయ్,

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా మడిచి జేబులో పెట్టుకోకు. నీ అలవాటు నాకు తెలుసు.

నేను పోరాట కమిటీలో చేరాను. కళ్ళు పెద్దవి చేయకు. మా ప్రెస్సు పైన మేడగదిలో వారం వారం మీటింగు. మీ అణు విద్యుత్ ప్లాంటుకి ఇచ్చిన గడువు ఈ ఏడాదితో అయిపోతుంది కదా. ఇంకో ఇరవై ఏళ్ళు పొడిగించమని కంపెనీ దరఖాస్తు పెట్టింది. మే నెలలో మీ ఊళ్ళోనే ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారట. ఆ పొడిగింపు ఆపడమే మా పని. అక్కడ తాడో పేడో తేల్చుకుంటాం.

పగలంతా నేను బిల్లు పుస్తకాలకీ సబ్బుల ప్రకటనలకీ ప్రూఫులు దిద్దుతాను. సాయంత్రం అదే మిషను మీద మా కరపత్రాలు. మా ఓనరుకి రాజకీయం లేదు. కాగితం మనం తెచ్చుకుంటే దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకే సిరాతో అచ్చేస్తాడు.

దొరికిన కరపత్రమల్లా చదివాను బాబాయ్. మీరు వాడేసిన ఇంధనం వేల ఏళ్ళు విషం కక్కుతూనే ఉంటుంది. దాన్ని ఎక్కడ పెడతారో మీ పెద్దలెవరికీ తెలియదు. ఇప్పటికి నీళ్ళ తొట్టిలో పెట్టి మూత వేశారు, అంతే. మనకి కొన్నేళ్ళ కరెంటు. ఇంకా పుట్టనివాళ్ళకి వేల ఏళ్ళ కాపలా. వాళ్ళని ఎవరడిగారు? ఇది ఆలోచిస్తే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు.

నువ్వు ఇరవై ఏళ్ళుగా లోపల పంపులు విప్పి బిగించే మనిషివి. మేం బయటినుంచి అరిచే పది మాటలకంటే నువ్వు చెప్పే ఒక్క ముక్క ఎక్కువ. లోపల ఏం జరుగుతుందో రాయి.

ఫోన్ చేస్తే ఎప్పుడూ పిన్నే ఎత్తుతోంది. గొంతు పట్టేసిందని ఎన్నాళ్ళు చెప్తుంది? పోట్లాటకి భయపడి దాక్కుంటున్నావని నా అనుమానం.

కోపం నీ మీద కాదు, నీ గేటు మీదున్న బోర్డు మీద.
నువ్వు పెంచిన పిల్ల

*

ఫిబ్రవరి 20

నిప్పుకోడీ,

మడిచి జేబులో పెట్టుకున్న మాట నిజమే. కాని చదివాకే పెట్టుకున్నాను.

గొంతు బొంగురుపోయి చాలా రోజులైంది. ఫోన్‌లో నీతో అరవడం నా వల్ల కాదు. కాగితం మీదైతే నీతో సమానంగా అరవొచ్చు. పిన్ని కులాసా. ముందుగదిలో మిషను ఆగడం లేదు, బడి యూనిఫారాల సీజను. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా గుండుసూది గుచ్చుకుంటోంది.

లోపల ఏం జరుగుతుందంటావా? చెమట పడుతుంది. అంతకంటే నువ్వనుకునే కథలేం లేవు.

మీ నాన్న కూడా కరెంటు తయారుచేసినవాడే. బొగ్గు కరెంటు. బాయిలర్ కింద బూడిద ఊడ్చే సెక్షను. చివరి ఏడాది మెట్లెక్కలేక కింద గదిలోనే కూర్చుని దగ్గేవాడు. నువ్వు చిన్నదానివి, దగ్గుతో పాటు తల ఊపి నవ్వేదానివి. ఆ దగ్గు ఏ పేపర్లోనూ రాలేదు. మా దగ్గర ఒక బోల్టు జారినా పేపర్లో వస్తుంది. పొగగొట్టం లేని చోట పని దొరికితే చాలనుకుని అన్నయ్య పోయిన ఏడాదే ఇక్కడ చేరాను. మా ప్లాంటు మూస్తే చీకట్లో కూర్చుంటారా మీ కమిటీవాళ్ళు? ఆ బొగ్గు బాయిలరే మళ్ళీ వెలిగిస్తారు. దాని కింద ఇంకెవరి నాన్నో ఊడుస్తాడు.

అంతా బంగారమని అనను. మా ఊరి కింది వీధిలో ప్రమాదం సైరన్ రెండేళ్ళుగా పలకడం లేదు. డ్రిల్ రోజున పై వీధివాళ్ళు తలుపులు మూసుకుంటే కింది వీధివాళ్ళు తీరిగ్గా బట్టలు ఆరేసుకుంటారు. చెప్పాను. ‘స్పేరు రావాలి’ అన్నారు.

ఒక నవ్వులాట చెప్తా విను. మా గేటులో ఒక యంత్రం ఉంది, ఒంటి మీద రేడియేషన్ ఉంటే అరుస్తుంది. ఈ నెల మొదట్లో ఒక సోమవారం పొద్దున డ్యూటీకి వచ్చి నిలబడ్డానో లేదో, అలారం కుయ్యోమంది. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ అరిచింది. గార్డు ‘పెద్దాయనా, ఏం మింగి వచ్చావ్?’ అన్నాడు. వెనక లైన్లో ఒకటే నవ్వు. అప్పట్నుంచి నన్ను లోపలికి పంపకుండా స్టోర్సులో కూర్చోబెట్టి నట్లు ఏరిస్తున్నారు. ఇన్నేళ్ళలో ఇంత సుఖం ఎరగను.

వేళకి తిను. కమిటీ తిండి పెట్టదు.
నీ బాబాయి

*

ఫిబ్రవరి 28

బాబాయ్,

నవ్వులాటా? నీ ఒళ్ళు మోగితే నీకు నవ్వులాటా?

నీ ఉత్తరం మీటింగులో చదివాను. అలారం దగ్గరికి వచ్చేసరికి మా సెక్రటరీ, ఎవరు మాట్లాడుతున్నా గోళ్ళు కత్తిరించుకునే మనిషి, కత్తెర కింద పెట్టేశాడు. ‘ఇన్నాళ్ళూ మనం అంకెలు చెప్పాం. ఇప్పుడు మనకో మనిషి దొరికాడు’ అన్నాడు. ఒక మనిషిని విషంతో నింపి, అది బయటపడగానే స్టోర్సులో దాచేశారు! అది నీకు సుఖమా? దాన్ని మా పుస్తకాల్లో శ్రమదోపిడీ అంటారు.

కరపత్రం అచ్చయింది. పేరు ‘మోగిన మనిషి’. రాసింది నేనే. భయపడకు, నీ పేరు వెయ్యలేదు. ‘ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక పంపు ఫిట్టర్’ అని మాత్రమే వేశాం. కింద నా పేరు వేయించాను. ముసుగేసుకుని మాట్లాడటం నాకు చేతకాదు.

బాయిలర్ సంగతి ఎత్తావు. నాన్నని అడ్డం పెట్టుకుని నా నోరు మూయించాలని చూడకు. ఒక విషానికి భయపడి ఇంకో విషం తాగమంటావా? ఈ రెండే దారులని ఎవడు చెప్పాడు? ఎండ లేదా, గాలి లేదా? వాటి మీద ఒక కరపత్రం పెడుతున్నాను. చదివి జవాబు రాయి. డాక్టరుకి చూపించుకున్నావా? అది ముందు రాయి.

గర్వంగా, దిగులుగా కూడా,
నీ పిల్ల

*

మార్చి 9

అమ్మాయీ,

ఈసారి నిప్పుకోడి అనడానికి మనసొప్పడం లేదు.

ఈ ప్లాంటులో పంపు ఫిట్టర్లు ఎంతమంది అనుకున్నావు? అందులో ఇరవై ఏళ్ళవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు వెయ్యలేదట! ఫొటో వేసినా ఇంత స్పష్టంగా ఉండేది కాదు. క్యాంటీన్‌లో నేను కూర్చుంటే పక్కవాడు ప్లేటు కొంచెం జరుపుకున్నాడు. జరుపుకుని, సిగ్గుపడి, మళ్ళీ దగ్గరికి జరిపాడు. ఆ రెండోదే నాకు ఎక్కువ బాధేసింది.

నేను నీకు ఉత్తరం రాశాను. కమిటీకి కాదు.

అలారం మోగిన మాట నిజం. నువ్వనుకున్నందుకు కాదు. నా ఉత్తరం మళ్ళీ తీసి చదువు. ఎప్పుడు మోగిందో చూడు. ఇంతకంటే ఇప్పుడు చెప్పను, చెప్పలేను. ఎండా గాలీ అన్నావు, రానీ, నాకేం అభ్యంతరం? వచ్చేదాకా మీ కమిటీగదిలో బల్బు దేంతో వెలుగుతుందో కూడా ఒక కరపత్రం వెయ్యి.

డాక్టరు సంగతి నేను చూసుకుంటాను.

బాబాయి

*

మార్చి 16

బాబాయ్,

మళ్ళీ చదివాను. ఒళ్ళు జలదరించింది.

పొద్దున! డ్యూటీకి వస్తుంటే! నేనెంత మొద్దుని, మొదటిసారి ఆ ముక్క మీద కన్నే ఆగలేదు. అంటే అంతకుముందే లోపల అంటించుకున్నావు. ఇంటికెళ్ళేటప్పుడు గేటు అరవలేదు, అంటే బయటికొచ్చే దారిలో యంత్రం చెడిపోయింది, లేదా ఆపేశారు. ఆ ఒంటితో ఇంటికి నడిచావు. ఆ చేతులతో పిన్నికి దారం ఎక్కించి ఇచ్చి ఉంటావు. ఆ బట్టలు ఊళ్ళో పిల్లలు తొడుక్కుని బడికి వెళ్ళి ఉంటారు. ఇది నువ్వు పైకి చెప్పలేక, నా అంతట నేనే కనిపెట్టాలని సూచన ఇచ్చావు. అర్థమైంది బాబాయ్. నీ నోరు ఎంత గట్టిగా కట్టేశారో కూడా అర్థమైంది.

రెండో కరపత్రం ‘ఇంటికి నడిచొచ్చిన విషం’. ఇది మీ ఊళ్ళోనే ఇంటింటికీ పంచుతారు. నీ మీద ఈగ వాలకుండా రాశాను, తప్పంతా కంపెనీదే అని. కుట్టుపని చేసే ఇల్లాలు అని మాత్రం ఒక్కచోట వచ్చింది. అది లేకపోతే మనసుకి తగలదని సెక్రటరీ అన్నాడు.

క్యాంటీన్‌లో ప్లేటు జరుపుకున్నవాడి గురించి రాశావు. వాణ్ణి అనకు. భయం తప్పు కాదు. భయపడాల్సినచోట భయపడకపోవడం తప్పు.

నువ్వు మాట్లాడలేని మాటలు నేను మాట్లాడతాను.
నీ పిల్ల

*

ఏప్రిల్ 3

అమ్మాయీ,

నీ రెండో కాగితం మా గుమ్మంలో కూడా పడింది. పిన్నే ముందు తీసింది.

మర్నాటినుంచి ఒక్కొక్కళ్ళే వచ్చారు. కుట్టినవే కాదు, కుట్టని గుడ్డ కూడా వెనక్కి పట్టుకుపోయారు. ఎదురింటావిడ మాత్రం మొహమాటపడి, ‘మా వాళ్ళు రెడీమేడ్ కొంటామంటున్నారమ్మా’ అంది. ఇంకొకావిడ పటకారుతో గుడ్డ ఎత్తి సంచిలో వేసుకుంది. పటకారు ఇంటినుంచి తెచ్చుకుంది! పిన్ని ముందుగది తలుపు మూసేసింది. మిషను మీద దుప్పటి కప్పింది. నీ పేరు ఎత్తడం లేదు. తిట్టినా బాగుండేది.

మా ఆఫీసరు పిలిచి, అసలు సంగతి ఇదీ అని నోటీసు వేస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నీకు తెలియదు, తెలియనక్కర్లేదు.

ఒక్కటి అడుగుతాను. కింది వీధి సైరన్ పలకడం లేదని ముందే రాశాను. రేపు నిజంగా ఏదైనా జరిగితే ఆ వీధి వీధంతా బట్టలారేసుకుంటూ ఉంటుంది. అది మాత్రం నువ్వు అచ్చెయ్యలేదు. దాన్ని చూస్తే ఎవరికీ ఒళ్ళు జలదరించదు కదూ? నీకు కావలసింది ప్రమాదం కాదు, దెయ్యం.

కొన్నాళ్ళు ఊళ్ళో ఉండను. ఉత్తరాలు రాయకు.

బాబాయి

*

ఏప్రిల్ 12

బాబాయ్,

రాయొద్దంటే మానేస్తానా?

పిన్ని సంగతి చదివి రోజంతా ప్రూఫులు తప్పుగా దిద్దాను. సబ్బు ధర తప్పు పడి ఓనరు చేత చీవాట్లు తిన్నాను. అది వేరే. కాని బాబాయ్, పటకారు పట్టుకొచ్చింది నేనా? వాళ్ళకి నిజం చెప్పకుండా ఇన్నేళ్ళు జోకొట్టిందెవరు? సైరన్ పాడైతే నువ్వు రెండేళ్ళు ఎందుకు ఊరుకున్నావు? ‘స్పేరు రావాలి’ అన్నారని చెప్పి ఇంటికొచ్చి పడుకున్నావు! ఆ సైరన్ మీద నీకంత బెంగ ఉంటే వీధిలోకొచ్చి అరవాల్సింది నువ్వు, నేను కాదు.

నోటీసు వద్దన్నావట. ‘అసలు సంగతి’ అట. అందులో దాచేదేముంది? క్వార్టరు ఇస్తామన్నారా? ఫోర్‌మన్ని చేస్తామన్నారా? నీ నోటికి తాళం వేసినవాళ్ళని నువ్వే కాస్తున్నావు. నన్ను బొగ్గు పొగలోంచి ఎత్తుకొచ్చి పెంచిన మనిషేనా నువ్వు?

జవాబు రాకపోతే నేనే వస్తాను. తలుపు తియ్యకపోతే వీధిలో నిలబడి అడుగుతాను.

*

మే 4

నిప్పుకోడీ,

ఇది నా చేతిరాత కాదని కంగారుపడకు. ఈ హాస్పిటల్ గదిలో రాసిన కాగితం బయటికి పోనివ్వరు. నేను ఇంటర్‌కమ్‌లో చెప్తుంటే వరండాలో కూర్చుని మీ పిన్ని రాస్తోంది. (రాస్తున్నాను. నీ మీద కోపం పోలేదు. — పిన్ని)

నిన్న నువ్వు మా ఇంటికెళ్ళి, ఎదురింటావిడ చెబితే ఇక్కడికి పరిగెత్తుకొచ్చావని నర్సు చెప్పింది. గాజు తలుపు అవతల నిలబడి ఏదేదో అన్నావు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. చేతులు ఊపడం చూసి తిడుతున్నావనుకున్నాను. (తిట్టలేదు, ఏడ్చింది. ఈయనకి కళ్ళు కూడా పోయాయి. — పిన్ని)

ఇప్పుడు చెప్తాను. నా గొంతులో థైరాయిడ్ గ్రంథికి గడ్డ. క్యాన్సర్. జనవరి చివర్లో దాన్ని ఫొటో తియ్యడానికి డాక్టరు ఒక మాత్ర మింగించింది. అందులో రేడియేషన్ ఉన్న అయొడిన్ ఉంటుంది. ఆ తర్వాత మొదటి సోమవారమే గేటు అరిచింది. ప్లాంటులోంచి బయటికి తెచ్చింది కాదు, హాస్పిటల్లోంచి లోపలికి పట్టుకెళ్ళింది. చీటీ చూపిస్తే ప్లాంటు డాక్టరు తలూపి స్టోర్సులో కూర్చోమన్నాడు. ఏప్రిల్లో గడ్డ కోసేశారు. మిగిలిన వేరు మాడిపోవాలని ఇప్పుడు అదే మందు పెద్ద మోతాదులో ఇచ్చారు. అందుకే ఈ గది. భోజనం గుమ్మంలో పెట్టి నర్సు వెళ్ళిపోతుంది. ఇప్పుడు నేను నిజంగానే మోగుతాను.

ఎందుకు దాచావంటావు. చెబితే నువ్వేం చేస్తావో తెలుసు. ‘ప్లాంటు ఇచ్చిన క్యాన్సర్’ అని మూడోది అచ్చేసేదానివి. కంపెనీ నోటీసు వేస్తే ‘కరపత్రం అబద్ధం’ అని వేస్తుంది. కరపత్రం కింద నీ పేరుంది. ఊరంతా నిన్ను చూసి నవ్వడం నాకిష్టం లేకపోయింది. (నా కొట్టు మూతపడటం మాత్రం ఇష్టమే. — పిన్ని)

ప్లాంటు వల్లే వచ్చిందా అని డాక్టర్ని అడిగాను. ఆవిడ చాలాసేపు నా కాగితాలు తిరగేసింది. ‘అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ప్లాంటు మొహం చూడనివాళ్ళకీ వస్తుంది’ అంది. ఆ జవాబుతో నువ్వు కరపత్రం వెయ్యలేవు, కంపెనీ బోర్డు రాయించలేదు. దాంతో బతకాల్సింది నేను.

మా ఆఫీసరు పళ్ళు పట్టుకొచ్చి, సభలో రెండు మాటలు చెప్పమన్నాడు, ఈ రేడియేషనే నన్ను బతికిస్తోందని. మీ సెక్రటరీ కూడా ఎవరిచేతో కబురు పెట్టాడు. అందరికీ నేను కావాలి. నాకు మాత్రం నేను దొరకడం లేదు. శుక్రవారం సభ. నేను రాను. నా గురించి నువ్వేం మాట్లాడతావో నీ ఇష్టం. (ఇష్టం కాదు. నిజం. — పిన్ని)

గది లోపలినుంచి, బాబాయి

*

మే 10

బాబాయ్, పిన్నీ,

కరపత్రం తప్పని చెప్తానని మీటింగులో అన్నాను. సెక్రటరీ మెత్తగా నవ్వాడు. ‘సభ అయ్యాక చెప్దూగాని. జనం భయపడితేనే కదులుతారు. ఇరవై ఏళ్ళ విషం ఆగుతుంటే ఒక చిన్న పొరపాటు లెక్కా?’ అన్నాడు. ఇవి నా మాటలే బాబాయ్. ‘భయం తప్పు కాదు’ అని నేను నీకు రాసినదాంట్లోంచి పుట్టినవే. ఇంకొకరి నోట్లోంచి వింటే అంత చల్లగా ఉంటాయని తెలియదు.

నిన్న సభలో నా వంతు వచ్చింది. మైకు నా ఎత్తుకి దించడానికి ఒకాయన తంటాలు పడ్డాడు. ‘మోగిన మనిషి’ రాసింది నేనేనని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ మోగింది హాస్పిటల్ మందు వల్లని, రెండు కరపత్రాలూ తప్పని, కుట్టుకొట్టు దగ్గరికి పటకారుతో వెళ్ళినవాళ్ళ పాపంలో సగం నాదేనని చెప్పాను. మా వైపు కుర్చీలు ఒక్కసారి గోలపెట్టాయి. ‘అమ్ముడుపోయింది’ అన్నారు. ఇంచుమించు అదే మాట నేను నిన్ను అన్నాను.

అంతటితో దిగిపోలేదు. ఇంకా నేను పొడిగింపుకి వ్యతిరేకినే అన్నాను. వాడేసిన ఇంధనం ఎక్కడ పెడతారో చెప్పమన్నాను. సైరన్ పలకని వీధిలో ఇరవై ఏళ్ళకి అనుమతి ఎలా అడుగుతారన్నాను. ఈసారి కంపెనీ వైపు కుర్చీలు గోలపెట్టాయి. ‘ఇది కూడా రేపు తప్పంటావా?’ అని ఎవరో అరిస్తే హాలంతా నవ్వింది. సైరన్ మాట ఎవరూ రాసుకోలేదు. నేను చూశాను, పెన్నులన్నీ బల్ల మీదే ఉన్నాయి.

పేపర్లో ‘అబద్ధమని ఒప్పుకున్న వ్యతిరేకులు’ అని పెద్దక్షరాలు. పొడిగింపుకి సిఫారసు చేస్తామని సభాధికారి అక్కడే అన్నాడు. కమిటీ నన్ను తీసేసింది. మేడగది మెట్ల దగ్గర నా పుస్తకాలు కట్టగట్టి పెట్టారు, నేను కష్టపడి కట్టించిన అట్టలతో సహా.

నిజం చెప్పాను. గెలిచింది వాళ్ళు. ఇలా జరుగుతుందని ఏ కరపత్రంలోనూ లేదు. మళ్ళీ ఆ మైకు ముందు నిలబెడితే ఇదే చెప్తానో లేదో ప్రమాణం చెయ్యలేను. నాన్నలాంటివాళ్ళ ఊపిరితిత్తులు ఒకవైపు, ఇంకా పుట్టనివాళ్ళు ఒకవైపు, మధ్యలో నువ్వు. నా కోపం ఎటు తిప్పాలో తెలియడం లేదు. కోపం మాత్రం తగ్గలేదు.

శనివారం వస్తున్నాను. ఊరంతా నీకు దూరంగా జరిగేలా చేసింది నేనే. వచ్చి నీ పక్కనే, నీ మంచం మీదే కూర్చుంటాను. వద్దన్నా వినను.

నీ పిల్ల

*

మే 13

నిప్పుకోడీ,

ఇంటికొచ్చాను. రాత మళ్ళీ నాదే.

సభ అయిన మర్నాడు మా ఆఫీసరు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి శుభాకాంక్షలు చెప్పాడు. ఇరవై ఏళ్ళు ఖాయమట. నా మనిషిని ఓడించినందుకు నాకు శుభాకాంక్షలు. ప్లాంటు నడవాలని నాకూ ఉంది. అయినా ఆ మాట విన్నాక టీ ఇమ్మని పిన్నికి చెప్పలేకపోయాను. పేపర్లోది మూడుసార్లు చదివాను. నువ్వు సైరన్ మాట ఎత్తావని అందులో లేదు. నీ ఉత్తరంలో ఉంది. నువ్వన్నట్టు రెండేళ్ళు ఊరుకున్నది నేనే. రేపటినుంచి కింది వీధిలో ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాలని ఉంది గాని, ఇంకా కొన్నాళ్ళు నేను ఎవరి గుమ్మమూ ఎక్కకూడదు. వచ్చాక ఆ తిరుగుడు నీది. చాలామంది తలుపు వేసేస్తారు. నీ పేరు చూసి వేస్తారు. వెయ్యనీ. పక్క తలుపు కొట్టు.

ఎదురింటావిడ ఒక చొక్కా పంపింది. కాలరు తిప్పి కుట్టాలట. పిన్ని దాన్ని మిషను పక్కన పెట్టుకుని ఇంకా చెయ్యి వెయ్యలేదు. నీ కోసం గదిలో పక్క మాత్రం సర్దింది. కారణం అడిగితే దుమ్ము పట్టిందంది.

శనివారం రా. కాని మంచం మీద కూర్చుంటానన్నావే, అది కుదరదు. నీ కుర్చీ కిటికీ దగ్గర వేశాను. డాక్టరు చెప్పినంత దూరం కొలిచే వేశాను. నువ్వు అచ్చేసిన భయం అబద్ధం. నా ఒంట్లో ఉన్నది అబద్ధం కాదు. నా మీద ప్రేమతో కుర్చీ ఒక్క అడుగు ముందుకి జరిపావో, లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోతాను.

అక్కడ కూర్చుని ఎంతసేపైనా పోట్లాడు. వింటాను.

బాబాయి